ఒకే రేకు మీద అన్ని రంగులు: కృష్ణారెడ్డి గారి ప్రయాణం

అమెరికాలో పేరు తెచ్చుకున్న మన తెలుగువాళ్లు ఎవరని అడిగితే మనం టకటకా చెప్పేస్తాం. కంపెనీల సీఈవోలు, డాక్టర్లు, సైంటిస్టులు, నాసాలో పనిచేసేవాళ్లు. అదే ఒక ఆర్టిస్ట్ పేరు చెప్పమంటే చాలామందిమి ఆగిపోతాం. ఈ సంచికకు జీవిత కథ రాయమని క్లబ్ వాళ్లు అడిగినప్పుడు నేను ఆ ఆగిపోయే చోటు నుంచే మొదలుపెడదాం అనుకున్నాను. అలా దొరికిన పేరు కృష్ణారెడ్డి. ఊరు చిత్తూరు జిల్లా నందనూరు. చివరి ఊరు న్యూయార్క్. మధ్యలో శాంతినికేతన్, మద్రాసు, లండన్, పారిస్, మిలాన్.

మాది చెన్నూరు, పాత ఆదిలాబాద్ జిల్లా. మా వైపు బయటి దేశం పోవుడు అంటే రెండే రకాలు. ఒకటి దుబాయి, మస్కట్, సౌదీ. అప్పు చేసి వీసా కొనుక్కుని పోయి, ఆ అప్పు తీరేదాకా తిరిగిరాని వాళ్ల ఇళ్లు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏ ఊళ్లో చూసినా ఉంటాయి. రెండోది మన బ్యాచ్ వాళ్లు ప్లాన్ చేసుకునేది: జీఆర్ఈ, ఎంఎస్, ఓపీటీ, హెచ్‌వన్‌బీ. రెండింటి వెనకా ఉన్న లెక్క ఒకటే, ఎంత ఖర్చు, ఎన్నేళ్లలో తీరుతుంది అని. అది తప్పు లెక్క అని నేను అనడం లేదు. ఇంట్లో పరిస్థితి తెలిసినవాళ్లు ఎవరూ అలా అనలేరు. కానీ కృష్ణారెడ్డి గారి ప్రయాణం ఆ లెక్కలో పట్టదు. ఆయన ఒక్కో దేశానికి పోయింది ఒక్కో మనిషి దగ్గర పని నేర్చుకోవడానికి. అందుకే ఆయన కథ మనం తెలుసుకోవాలి అనిపించింది.

ఆయన పుట్టింది 1925 జూలై 15న. వ్యవసాయం చేసుకుని బతికే కుటుంబం. తండ్రికి ఊరి గుడి కోసం బొమ్మలు చేసే అలవాటు ఉండేది. అంటే మట్టిని, రంగును చేత్తో ముట్టుకోవడం ఆయనకు ఏ కాలేజీలోనో మొదలవ్వలేదు. తర్వాత మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ స్కూల్లో చదివారు. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే స్కూల్ అది. కొండలు, చెట్లు, పిట్టల మధ్య కూర్చుని, చూసేదాన్ని పేరు పెట్టకుండా ముందు సరిగ్గా చూడడం అక్కడ ఒక చదువు. ఆయన పెద్దయ్యాక వేసిన పురుగు, చేప, అల లాంటి ప్రింట్లు చూస్తే ఆ చిన్ననాటి చూపు ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది.

1940ల మొదట్లో ఆయన శాంతినికేతన్ చేరారు. అక్కడి కళాభవన్‌లో నందలాల్ బోస్, రామ్‌కింకర్ బైజ్, బినోద్ బిహారీ ముఖర్జీ పాఠాలు చెప్పే రోజులవి. ఈ ముగ్గురి పేర్లు ఇండియన్ ఆర్ట్ గురించి ఏ పుస్తకం తెరిచినా వస్తాయి. ఒక్క కాలేజీలో, ఒకే టైంలో వీళ్లు ముగ్గురూ ఉన్నారంటే ఎలాంటి ఫ్యాకల్టీయో ఊహించుకోవచ్చు. రామ్‌కింకర్ సిమెంట్, కంకరతో ఆరుబయట నిలువెత్తు విగ్రహాలు కట్టేవారు. సంథాల్ కుటుంబం ఒకటి నడిచి పోతున్నట్టు ఆయన చేసిన శిల్పం ఇప్పటికీ అక్కడే ఉంది. కృష్ణారెడ్డికి శిల్పం మీద ఇష్టం బలపడింది ఈ వాతావరణంలోనే.

కానీ ఆ ఏళ్లు ప్రశాంతంగా కూర్చుని బొమ్మలు వేసుకునే ఏళ్లు కావు. 1942లో క్విట్ ఇండియా. 1943లో బెంగాల్ కరువు, లక్షల మంది ఆకలితో చనిపోయారు. ఇరవై ఏళ్లు కూడా నిండని విద్యార్థి ఇదంతా దగ్గర నుంచి చూశాడు. మన వయసే అన్నమాట. ఆర్టిస్ట్ అంటే లోకం పట్టనివాడు అని మనకొక ఇమేజ్ ఉంది కదా, ఈయన విషయంలో అది పనికిరాదు. ఆ మాట ఎందుకు అంటున్నానో పారిస్ దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది.

చదువు అయ్యాక 1947లో మద్రాసు వచ్చారు. రుక్మిణీదేవి అరండేల్ అడయారులో నడిపిన కళాక్షేత్రలో ఆర్ట్ విభాగానికి అధిపతి అయ్యారు. వయసు ఇరవై రెండు. దేశానికి అప్పుడే స్వతంత్రం వచ్చింది, చేతిలో మంచి ఉద్యోగం ఉంది, గౌరవం ఉంది. మన భాషలో చెప్పాలంటే సెటిల్ అయిపోయినట్టే.

ఆయన రెండేళ్లకే ఆ ఉద్యోగం వదిలేసి మళ్లీ స్టూడెంట్ అయ్యారు.

ముందు లండన్. స్లేడ్ స్కూల్లో శిల్పకళ చదువు, హెన్రీ మూర్ దగ్గర శిక్షణ. ఇరవయ్యో శతాబ్దపు పెద్ద శిల్పుల్లో మూర్ ఒకరు. రాయిలో రంధ్రం చేసి, ఆ ఖాళీని కూడా శిల్పంలో భాగం చేసినవాడు. తర్వాత 1950ల మొదట్లో పారిస్. అక్కడ ఒసిప్ జాద్కిన్ అనే శిల్పి దగ్గర చేరారు. రష్యా సామ్రాజ్యంలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన జాద్కిన్ కూడా వలస వచ్చినవాడే. ఆ రోజుల పారిస్ అలాంటి ఊరు. సగం మంది ఆర్టిస్టులు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లే. ఆ తర్వాత 1950ల మధ్యలో ఇటలీలోని మిలాన్, బ్రేరా అకాడమీలో మరీనో మరీని దగ్గర మళ్లీ శిల్పమే. అప్పటికి ఆయనకు ముప్పై దాటాయి. మద్రాసులో విభాగాధిపతిగా చేసిన మనిషి ముప్పై ఏళ్ల వయసులో క్లాస్‌రూమ్‌లో కూర్చోవడానికి ఏమాత్రం మొహమాటపడలేదు. మనం ఒక్క బ్యాక్‌లాగ్ ఉంటేనే, ఒక్క ఏడాది గ్యాప్ వస్తేనే జీవితం అయిపోయినట్టు ఫీలవుతాం.

ఇంతకీ ఆయన పేరు నిలబెట్టింది శిల్పం కాదు. పారిస్‌లో అత్లియే 17 అని ఒక వర్క్‌షాప్ ఉండేది. స్టాన్లీ విలియం హేటర్ అనే ఇంగ్లిష్ ఆర్టిస్ట్ దాన్ని నడిపేవాడు. హేటర్ చదివింది కెమిస్ట్రీ, జియాలజీ. ఇరాన్‌లో ఆయిల్ కంపెనీ ఉద్యోగం చేసి, అది వదిలి ఆర్ట్ లోకి వచ్చాడు. కోర్ బ్రాంచ్ వదిలేసినవాడు అనుకోండి. పికాసో, మీరో లాంటివాళ్లు కూడా ఆ వర్క్‌షాప్‌లో పని చేశారు. అక్కడ టీచర్, స్టూడెంట్ అనే గీత పెద్దగా ఉండేది కాదు. ఒకరు ఏదైనా కొత్తగా కనిపెడితే పక్క టేబుల్ మీదివాళ్లు దాన్ని ట్రై చేసేవాళ్లు. కృష్ణారెడ్డి అక్కడ ప్రింట్‌మేకింగ్‌లో పడ్డారు.

ప్రింట్‌మేకింగ్ అంటే ఏంటో ఒక్క నిమిషం చెప్తాను, ఎందుకంటే అసలు మ్యాజిక్ అక్కడే ఉంది.

లోహపు రేకు ఒకటి తీసుకుంటారు, ఎక్కువగా జింక్ లేదా రాగి. దాని మీద ఉలి లాంటి పనిముట్టుతోనో, యాసిడ్‌తోనో గీతలు తొలుస్తారు. గీతల్లోకి ఇంక్ నింపి, పైపైన ఉన్నది బట్టతో తుడిచేసి, తడి కాగితం పెట్టి ప్రెస్ కింద నొక్కుతారు. గీతల్లోని ఇంక్ కాగితం మీదికి వచ్చేస్తుంది. దీన్ని ఇంటాగ్లియో అంటారు. ఒక రంగు అయితే ఇబ్బంది లేదు. నాలుగు రంగులు కావాలంటే మామూలుగా నాలుగు రేకులు చెయ్యాలి. ఒకే కాగితాన్ని నాలుగుసార్లు ప్రెస్‌లో పెట్టాలి. ఒక్కసారి వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడిపోతుంది.

హేటర్, కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, ఆ వర్క్‌షాప్‌లోని మిగతావాళ్లు కలిసి దీనికి వేరే దారి కనిపెట్టారు. ఒకే రేకు, ఒకే నొక్కు, అన్ని రంగులు ఒకేసారి. దాని వెనక ఉన్నది మనం ఫస్ట్ ఇయర్‌లో చదివి పరీక్ష అయ్యాక మర్చిపోయిన మాటే: విస్కాసిటీ.

రేకును వేర్వేరు లోతుల్లో తొలుస్తారు. పైన ఒక అంతస్తు, మధ్యలో ఒకటి, అడుగున ఒకటి అనుకోండి. అడుగు గీతల్లో మామూలు పద్ధతిలోనే ఇంక్ నింపి తుడుస్తారు. తర్వాత గట్టి రోలర్‌తో ఒక రంగు రుద్దుతారు. గట్టి రోలర్ వంగదు కాబట్టి పై అంతస్తుకే అంటుతుంది. ఈ రంగులో అవిసె నూనె ఎక్కువ కలిపి పల్చగా ఉంచుతారు. ఆ తర్వాత మెత్తటి రోలర్‌తో ఇంకో రంగు, నూనె తక్కువగా, చిక్కగా. మెత్తటి రోలర్ లోపలి పల్లాల దాకా దిగుతుంది. అది పై అంతస్తును కూడా తాకుతుంది కదా, రంగులు కలిసిపోవా? కలవవు. పల్చటి నూనె రంగు ఉన్న చోట చిక్కటి రంగు పట్టుకోదు. ఖాళీగా ఉన్న లోతుల్లోనే పట్టుకుంటుంది. రెండు రంగుల మధ్య గోడ కట్టేది చిక్కదనంలో తేడా ఒక్కటే. ఆ తర్వాత తడి కాగితం పెట్టి ఒక్కసారి ప్రెస్ తిప్పితే చాలు.

చదవడానికి సింపుల్‌గా ఉంది. చెయ్యాలంటే రేకు లోతు, రోలర్ మెత్తదనం, నూనె పాళ్లు, నొక్కే బలం అన్నీ కుదరాలి. ఒక్క పారామీటర్ మారితే అవుట్‌పుట్ మారిపోతుంది. ఇందులో కృష్ణారెడ్డికి మిగతావాళ్లకన్నా ఒక అడ్వాంటేజ్ ఉంది, ఆయన శిల్పి. మిగతావాళ్లకు రేకు అంటే గీతలు గీసే కాగితం లాంటిది. ఆయనకు అది చిన్న రాతి పలక. లోతులు, వాలులు, గుంటలు తొలిచి, మెషిన్ పనిముట్లు కూడా వాడి, దాన్ని ఒక శిల్పంలా చెక్కేవారు. లండన్, పారిస్, మిలాన్‌లో నేర్చుకున్న శిల్పమంతా ఆ అరచేతి మందం కూడా లేని రేకులోకి వచ్చి చేరింది. అప్పటిదాకా తిరిగిన తిరుగుడు వృథా అని ఎవరికైనా అనిపించి ఉంటే, ఇక్కడికి వచ్చాక ఆ మాట అనలేరు.

1963లో చేసిన రెండు ప్రింట్లు, అల, సుడిగుండం, ఆయన పనిలో చాలామంది గుర్తుపట్టేవి. సుడిగుండం బొమ్మను నేను స్క్రీన్ మీద చూసినప్పుడు జూమ్ చేస్తూనే ఉండిపోయాను. వల లాంటి సన్న గీతలు అన్ని వైపుల నుంచి లోపలికి లాక్కుపోతున్నట్టు ఉంటాయి. నీళ్లా, ఆకాశమా, రెండూనా అని చెప్పలేం. చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరం వైపు మళ్లుతుంది. అందుకే మా దగ్గర దాన్ని ఉత్తరవాహిని అని పుణ్యస్నానాలు చేస్తారు. వానాకాలం నది నిండుగా ఉన్నప్పుడు ఒడ్డున నిలబడితే, పైకి నిదానంగా కనిపించే నీళ్లలో సుడి ఎక్కడ మొదలవుతుందో కన్ను పట్టుకోలేదు. చిన్నప్పుడు పెద్దవాళ్లు మమ్మల్ని దగ్గరికి పోనిచ్చేవారు కాదు. ఆ ప్రింట్‌లో ఉన్నది ఆ భయమే, ఆ అందమే. పారిస్‌లో కూర్చుని చేసిన బొమ్మ గోదావరి ఒడ్డు పిల్లాడికి వెంటనే అర్థమైంది. దానికి ఆర్ట్ హిస్టరీ కోర్సు అక్కర్లేదు.

1960ల మధ్యలో అత్లియే 17 నడిపే బాధ్యతలో హేటర్‌కు తోడుగా కృష్ణారెడ్డి చేరారు. 1976 దాకా అందులోనే ఉన్నారు. ప్రపంచం నలుమూలల నుంచి ఆర్టిస్టులు అక్కడికి నేర్చుకోవడానికి వచ్చేవారు. అలీగఢ్‌లో పుట్టి, లెక్కల్లో డిగ్రీ చేసి, తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి గొప్ప పేరు తెచ్చుకున్న జరీనా హష్మి కూడా ఆ రోజుల్లో అక్కడ నేర్చుకున్నవారే.

ఆయన జీవితంలో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఇదే. ఇంత కష్టపడి పట్టుకున్న పద్ధతిని దాచుకోలేదు. దేశదేశాలు తిరిగి వర్క్‌షాప్‌లు పెట్టి చేసి చూపించారు. ఇండియాకు కూడా వచ్చి నేర్పారు. 1988లో ఆ పద్ధతంతా వివరిస్తూ ఇంగ్లిష్‌లో పుస్తకం రాశారు. ఆర్టిస్టుల లోకంలో ఒక రంగు కలిపే రహస్యాన్ని కూడా కొడుకుకు తప్ప చెప్పని ఆచారాలు ఉన్నాయి. ఆయన తన సోర్స్ కోడ్ మొత్తం బయట పెట్టేశారు. మనం గిట్‌హబ్‌లో ఓపెన్ సోర్స్ అని ఇప్పుడు చెప్పుకునేది ఆయన జింక్ రేకులతో ఎప్పుడో చేశారు. ఇవాళ ఏ దేశంలోనైనా ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో విస్కాసిటీ ప్రింటింగ్ చేస్తున్నారంటే ఆ పాఠం మూలం ఆ పారిస్ వర్క్‌షాప్‌లోనే ఉంది.

ఆ పారిస్ ఏళ్లలో 1968 కూడా ఉంది. ఆ మే నెలలో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, తర్వాత కార్మికులు లక్షల్లో కలిశారు. దేశమంతా సమ్మెతో ఆగిపోయింది. అదే ఏడు కృష్ణారెడ్డి ప్రదర్శనకారులు అనే అర్థం వచ్చే పేరుతో ఒక ప్రింట్ చేశారు. అల, పురుగు, చేప చేసిన చేతులు మొదటిసారి కాదు గానీ గట్టిగా మనుషుల వైపు తిరిగాయి. గుంపుగా నిలబడ్డ మనుషులు, విడివిడిగా ఉంటూనే ఒకే ఒంటిలా. 1942లో, 1943లో బెంగాల్‌లో ఉన్న కుర్రాడు నలభై దాటాక పారిస్ వీధిని చూస్తే అలాగే కనిపిస్తుంది మరి. నేను ముందు అన్న మాట ఇందుకే.

సొంత జీవితంలో దెబ్బలు లేవని కాదు. అమెరికన్ ఆర్టిస్ట్ షర్లీ విటెబ్‌స్కీని పెళ్లి చేసుకున్నారు. ఆమె 1966లో చనిపోయారు. తర్వాత జూడీ బ్లమ్ అనే ఆర్టిస్ట్‌తో మళ్లీ జీవితం మొదలైంది. 1972లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

1976లో, యాభై ఏళ్లు దాటాక, మళ్లీ ఊరు మారారు. ఈసారి న్యూయార్క్. న్యూయార్క్ యూనివర్సిటీలో ప్రింట్‌మేకింగ్ విభాగం బాధ్యత తీసుకుని ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. తను ఉండే చోటే కలర్ ప్రింట్ వర్క్‌షాప్ కూడా నడిపారు. 1980ల్లో సర్కస్ జోకర్ బొమ్మను తీసుకుని, గ్రేట్ క్లౌన్ పేరుతో, ఒకే రేకు నుంచి రంగులు మార్చి మార్చి ఎన్నో ప్రింట్లు తీశారు. రేకు అదే, మారేది రంగుల వరుస, చిక్కదనం. ఒక ప్రింట్‌లో జోకర్ పండగలా ఉంటే ఇంకో దాంట్లో దిగులుగా ఉంటాడు. కోడ్ అదే, ఇన్‌పుట్ మారింది అంతే అని మన వాళ్లు అనొచ్చు. కానీ ఏ ఇన్‌పుట్ ఇస్తే మొహంలో దిగులు వస్తుందో తెలియడానికి ఆయనకు ముప్పై ఏళ్లు పట్టింది.

2016లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా ముగ్గురి పనినీ కలిపి ఒక ప్రదర్శన పెట్టింది. గురువు, తోటి పనివాడు, తర్వాతి తరం. 2018 ఆగస్టు 22న, 93 ఏళ్ల వయసులో, కృష్ణారెడ్డి న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు నన్ను కొంచెం ఇబ్బంది పెట్టే సంగతి. మెట్‌లో, మోమాలో ఆయన ప్రింట్లు ఉన్నాయి. మరి మనకెందుకు తెలియదు? నా వరకు నేను స్కూల్లో చదివింది ఇంగ్లిష్ మీడియం, డ్రాయింగ్ పీరియడ్ అంటే మ్యాథ్స్ సార్‌కు సిలబస్ పూర్తి చేసుకునే పీరియడ్. తెలుగు వాచకంలో కవులు ఉన్నారు, రాజులు ఉన్నారు, చేతితో పనిచేసే ఆర్టిస్ట్ కనబడలేదు. మా పాత ఆదిలాబాద్ జిల్లాలోనే నిర్మల్ బొమ్మలు తయారవుతాయి. వాటిని పెళ్లిళ్లకు గిఫ్ట్ కొంటాం, చేసినాయన పేరు అడగం. మన దగ్గర ఉన్న చెయ్యినే చూడనివాళ్లం, పారిస్ పోయిన చెయ్యిని ఎలా గుర్తుపెట్టుకుంటాం?

వలస పోయినవాళ్ల గురించి మనకు రెండే కథలు వస్తాయి. గెలిచి కోట్లు సంపాదించిన కథ, లేదా మోసపోయి తిరిగొచ్చిన కథ. కృష్ణారెడ్డిది ఆ రెండూ కాదు. ఆయన ప్రతి ఊళ్లో ముందు నేర్చుకున్నారు, ఆ తర్వాత నేర్పారు, తర్వాత ఇంకో ఊరికి పోయారు. నందనూరు నుంచి న్యూయార్క్ దాకా ఈ వరుస మారలేదు. మనలో కొందరం వచ్చే రెండు మూడేళ్లలో ఎయిర్‌పోర్ట్‌లో ఇంట్లోవాళ్లకు బై చెప్తాం. ఫీజులు, లోన్లు, జాబ్ మార్కెట్ లెక్కలు ఎలాగూ వేసుకుంటాం, వేసుకోవాలి కూడా. ఆ లెక్క పక్కన ఇంకో కాలమ్ పెట్టుకుందాం: అక్కడ ఎవరి దగ్గర ఏం నేర్చుకుంటాను, దాన్ని తర్వాత ఎవరికి నేర్పుతాను.

మీలో ఎవరైనా న్యూయార్క్ పోతే, మెట్‌లో ఆయన ప్రింట్ ఏదైనా గోడ మీద ఉందేమో అడిగి చూడండి. ఉంటే దాని ముందు కాసేపు నిలబడి, కింద ఆర్టిస్ట్ పేరు ఉన్న చీటీతో కలిపి ఫొటో తీసి మన క్లబ్ గ్రూప్‌లో పెట్టండి. చిత్తూరు జిల్లా నందనూరు వాళ్లని క్యాప్షన్‌లో రాయడం మాత్రం మర్చిపోవద్దు.